డయానా విన్ జోన్స్ పుస్తకాలు పదేళ్ళ పిల్లకి ఇవ్వచ్చా?

శ్రీలత_ఎల్బీనగర్
మా పాప ఐదో తరగతి. నెట్‌ఫ్లిక్స్‌లో హౌల్స్ మూవింగ్ కాజిల్ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అంత ఇష్టం కదా అని పుట్టినరోజుకి ఆ నవలతో పాటు అదే రచయిత్రి డయానా విన్ జోన్స్ రాసిన చార్మ్‌డ్ లైఫ్ కూడా తెప్పించాను. మొదటిది సగం చదివి ముఖం ముడుచుకుంది. సినిమాలో ఉన్న యుద్ధం ఇందులో లేదట. కథానాయిక సోఫీకి ఇంకో చెల్లెలు ఉందట. ఆ బుడ్డోడు మార్కిల్ బుడ్డోడే కాదట, పదిహేనేళ్ళ మైకేల్ అట. మాంత్రికుడు హౌల్ అయితే పొద్దస్తమానం బాత్రూమ్‌లోనే ఉంటాడట. సరే, అది దాని గొడవ.

నా గొడవ వేరు. రెండోది పాప చేతికి ఇచ్చేముందు నేనే చదివేశాను. తమ్ముడికి తొమ్మిది ప్రాణాలుంటే, వాడికి తెలియకుండా సొంత అక్కే వాటిని తన మంత్రాలకి ఖర్చుపెట్టేస్తుంది! అమ్మానాన్న కథ మొదట్లోనే స్టీమర్ మునిగి చనిపోతారు. ఇది పిల్లల పుస్తకమా? ఈవిడని చదివినవాళ్ళు ఉంటే చెప్పండి. ఇవ్వనా, దాచెయ్యనా?

ఉప్మా_వ్యతిరేకి
మా కోసం ఏమీ దాచలేదు కదా, పాపకి మాత్రం ఎందుకు దాచడం? కథంతా చెప్పేశారు.

నిర్వాహకుడు_2
ముగింపు చెప్పేవాళ్ళు పైన "కథ బయటపడుతుంది" అని ఒక ముక్క రాయండి. ఆ పోస్టు ఇప్పటికే అందరూ చదివేశారు కాబట్టి వదిలేస్తున్నా.

సోఫీ_పెద్దక్క
దాచెయ్యడం మాత్రం వద్దండీ. ఆవిడ నాన్న చేసింది సరిగ్గా అదే. ఆర్థర్ రాన్సమ్ పిల్లల నవలలు సెట్టుకి సెట్టు కొని, ఎత్తు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏడాదికి ఒక్కటి బయటికి తీసేవాడు, అదీ క్రిస్మస్‌కి, ముగ్గురు కూతుళ్ళకీ కలిపి. చదవడానికేమీ లేక డయానాయే నోటుపుస్తకాల నిండా కథలు రాసి చెల్లెళ్ళకి వినిపించేది.

పాప గొడవ గురించి: సినిమా 2004, జపాన్ దర్శకుడు మియాజాకీది. నవల 1986. సినిమాని మర్చిపోయి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవమనండి. ఏడు ఆమడల బూట్లు నిజంగానే ఉండే దేశంలో ముగ్గురిలో పెద్దదానిగా పుట్టడమే దురదృష్టం అని మొదలవుతుంది. ఎందుకంటే కథల్లో ఎప్పుడూ పెద్దది ఓడిపోతుంది, చిన్నది గెలుస్తుంది. సోఫీ ఆ మాట నమ్మేసి టోపీల కొట్లో ముడుచుకుని కూర్చుంటుంది. శాపం తగిలి ముసలమ్మ అయ్యాకే నోరు లేస్తుంది! ఇక ఎవర్నీ లెక్కచెయ్యదు. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో పెద్దదాన్ని, నాకు తెలుసు ఆ హాయి.

లైన్లో_ఉన్నా
సినిమానే బాగుంటుంది. చెప్పాను, వెళ్తున్నాను.

సోఫీ_పెద్దక్క
ఆగండి, ఎక్కడికి? సినిమాలో సోఫీకి సొంత మంత్రశక్తి ఉందని ఎక్కడైనా చెప్పారా? పుస్తకంలో ఆమె టోపీలతో మాట్లాడుతూ కుడుతుంది. "నువ్వు పెట్టుకున్నావిడకి డబ్బున్న మొగుడు వస్తాడు" అన్నట్టు ఏదో అంటుంది, అది జరిగిపోతుంది. చేతికర్రని తిడితే కర్రకి ప్రాణం వస్తుంది. తన శక్తి సంగతి తనకే తెలియదు. అసలు కథంతా అదే. అది తీసేసి బాంబులు పెట్టారు.

లైన్లో_ఉన్నా
బాంబులు కూడా బాగున్నాయి.

అత్తిలి_మాస్టారు
ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు దాటెయ్యండి.

శ్రీలతమ్మ అడిగినదానికి జవాబు ఆవిడ చిన్నతనంలో ఉంది. పుట్టింది లండన్‌లో, 1934లో. అయిదేళ్ళప్పుడు యుద్ధం వచ్చింది. బాంబుల భయానికి పిల్లల్ని మొదట వేల్స్‌లో తాతగారింటికి పంపారు, తర్వాత ఇంగ్లండ్ ఉత్తరాన సరస్సుల ప్రాంతానికి. అక్కడ ఉన్న ఇల్లు ఒకప్పుడు పేరున్న కళావిమర్శకుడు జాన్ రస్కిన్ కార్యదర్శిది. యుద్ధకాలం, కాగితం దొరకదు. ఈ పిల్లకి అటకమీద పువ్వుల బొమ్మలు వేసిన మంచి దళసరి కాగితాల కట్ట దొరికింది. శుభ్రంగా రబ్బరు పెట్టి ఒక్కో పువ్వూ చెరిపేసి తన బొమ్మలు వేసుకుంది. అవి రస్కిన్ స్వయంగా వేసినవట! పెద్దవాళ్ళు పట్టుకుని శిక్షించారు.

ఆ దగ్గర్లోనే రాన్సమ్ ఉండేవాడు. పైన సోఫీగారు చెప్పిన ఆ రాన్సమే. పిల్లలు గోల చేస్తున్నారని వచ్చి చిరాకుపడి వెళ్ళాడు. ఇంకోరోజు ఈవిడ చెల్లెలూ, దాని స్నేహితురాలూ ఒకావిడ గేటు పట్టుకుని ఊగుతుంటే ఆ ఇంటావిడ వచ్చి చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ ఇంటావిడ పీటర్ ర్యాబిట్ అనే కుందేలు కథలు రాసి బొమ్మలు వేసిన బియాట్రిక్స్ పాటర్. పుస్తకాలు రాసేవాళ్ళకి పిల్లలంటే పడదని ఆ వయసులోనే తేల్చుకున్నానని జోన్స్ తర్వాత రాసుకుంది.

1943లో తల్లిదండ్రులు ఎసెక్స్‌లో థాక్స్‌టెడ్ అనే ఊళ్ళో ఒక విద్యాకేంద్రం నడపడానికి వెళ్ళారు. వచ్చిపోయే అతిథులకి పెద్ద భవనం. సొంత కూతుళ్ళు ముగ్గురికీ పెరట్లో వేడి కూడా లేని రేకుల కొట్టం లాంటిది. తిండీ బట్టా పట్టించుకునే తీరిక వాళ్ళకి లేదు. 1981లో వచ్చిన ద టైమ్ ఆఫ్ ద గోస్ట్ చదవండి. బడి నడుపుతూ సొంత పిల్లల్ని మర్చిపోయిన తల్లిదండ్రులు, నలుగురు అక్కచెల్లెళ్ళు. కథ చెప్పే దయ్యానికి ఆ నలుగురిలో తను ఎవరో గుర్తులేదు. ఆ పిల్లలు ఎవరో వేరే చెప్పాలా?

కాబట్టి ఆవిడ పుస్తకాల్లో అక్కలూ మేనమామలూ తల్లులూ మోసం చేస్తున్నారంటే అది పిల్లల్ని భయపెట్టడానికి పెట్టింది కాదు. పెద్దవాళ్ళు ఇలా కూడా ఉంటారు, నువ్వు చూసింది నిజమే అని పిల్లలకి చెప్పేవాళ్ళు ఉండాలి కదా.

ఉప్మా_వ్యతిరేకి
మాస్టారూ, ఆ కోటేసుకున్న కుందేలు బొమ్మల్ని ఇక పాత కళ్ళతో చూడలేను. చెంపదెబ్బ తిన్న చెల్లెలు ఏమైంది?

అత్తిలి_మాస్టారు
ఇసొబెల్ ఆర్మ్‌స్ట్రాంగ్. విక్టోరియా కాలం నాటి కవిత్వం మీద పేరున్న విమర్శకురాలు అయింది. చిన్నది అర్సులా, నటి, పిల్లల రచయిత్రి కూడా. కొట్టం పిల్లలు ముగ్గురూ పైకొచ్చారు.

నరసాపురం_లేసు
మాస్టారిది వినడానికి బాగుంది కానీ నేను ఒప్పుకోను. రచయిత్రికి చిన్నతనంలో కష్టమొస్తే ఆ బరువు మన పిల్లలెందుకు మొయ్యాలి? మా అన్నయ్య కొడుకు ద హోమ్‌వర్డ్ బౌండర్స్ చదివి, అయిపోయాక అన్నం మానేసి పడుకున్నాడు. (కథ బయటపడుతుంది) లోకాలన్నిటినీ ఆటబల్ల చేసుకుని ఆడే "వాళ్ళు" జేమీ అనే పిల్లాణ్ణి బయటికి గెంటేస్తారు. ఇంటికి చేరితే ఆట ముగుస్తుందని ఆశపెడతారు. వాడు లోకం తర్వాత లోకం తిరుగుతాడు. చివరికి తన ఇల్లు దొరికేసరికి వందేళ్ళు గడిచిపోయి ఉంటాయి, అమ్మానాన్నా ఎవరూ లేరు. అందరి లోకాలూ నిలబడాలంటే వాడొక్కడూ ఎప్పటికీ నడుస్తూనే ఉండాలి. పన్నెండేళ్ళవాడికి ఇది అవసరమా?

సోఫీ_పెద్దక్క
ఆ పుస్తకం పదేళ్ళ పిల్లకి నేనూ ఇవ్వను. అన్నీ ఒక్కటి కావు.

బెజవాడ_బుక్‌వార్మ్
లేసు గారూ, మీ మేనల్లుడు తర్వాత ఆవిడ పుస్తకాలు మానేశాడా?

నరసాపురం_లేసు
లేదు. మిగతావన్నీ చదివాడు. అది నా పాయింటుకి అడ్డం రాదు.

ఉప్మా_వ్యతిరేకి
కొంచెం అడ్డం వచ్చింది అండీ.

కార్డిఫ్_కిరణ్
నేను ఉద్యోగానికి వేల్స్ వచ్చాక పుస్తకం చదివాను, అంతకుముందు సినిమానే తెలుసు. సినిమాలో గుమ్మం పక్కన గుండ్రటి పిడి ఉంటుంది కదా, రంగు మార్చితే తలుపు ఇంకో ఊరికి తెరుచుకుంటుంది. నలుపు తిప్పితే సినిమాలో చీకటి, యుద్ధం. పుస్తకంలో నలుపు తిప్పితే వేల్స్! మామూలు వేల్స్, వర్షం, కార్లు, టీవీ. మన భయంకర మాంత్రికుడు హౌల్ అసలు పేరు హౌవెల్ జెంకిన్స్. అక్కడ వెల్ష్ రగ్బీ అని రాసున్న వదులు చొక్కా వేసుకుని అక్క మేగన్ ఇంటికి వెళ్తాడు. ఆవిడ గుమ్మంలోనే మొదలుపెడుతుంది, అంత చదువు చదివి ఏం వెలగబెట్టావు, ఉద్యోగం సద్యోగం లేదు అని. హౌల్ పరిశోధన చేసింది మంత్రాల మీద, ఆ సంగతి అక్కకి ఎలా చెప్తాడు? ఆ సీను చదువుతుంటే మా ఇంటి సంక్రాంతి గుర్తొచ్చింది.

ఇంకో చమత్కారం. ఆ మేగన్ ఇంటి బోర్డు మీద పేరు రివెండెల్. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ కథల్లో ఎల్ఫుల ఊరు.

అత్తిలి_మాస్టారు
కిరణ్ బాబు మంచి చోట పట్టుకున్నాడు. టోల్కీన్ ఆవిడకి గురువు! 1953లో ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ ఆన్స్ కాలేజీలో చేరింది. నార్నియా కథలు రాసిన సి.ఎస్.లూయిస్ పాఠం అంటే హాలు కిక్కిరిసేది, గొంతు చివరి బెంచీ దాకా మోగేది. టోల్కీన్ మాత్రం బోర్డు వైపు తిరిగి గొణిగేవాడట. వినేవాళ్ళు రాకపోతే పాఠం మానేసి ఇంటికెళ్ళి రాసుకోవచ్చని ఆయన ఆశ. ఈవిడా ఇంకొందరూ కదలకుండా కూర్చున్నారు. పాపం ఆయన చెప్పక తప్పలేదు.

ఉప్మా_వ్యతిరేకి
నా క్లాసులో నిద్రపోయినవాళ్ళెవరూ రచయితలు కాలేదు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

మేడమీద_గది
చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను, లేసు గారి మాటకి జవాబు చెప్పాలనిపించి.

చదువు కోసం నన్ను చిన్నప్పుడు బంధువుల ఇంట్లో ఉంచారు. కొట్టలేదు, తిట్టలేదు. అందరూ తిన్నాక కంచాలు తోమేది నేను. వాళ్ళ పిల్లలకి ట్యూషన్, నాకు "తెలివైనది, దానికెందుకు" అనే మాట. ఇంటికి ఫోన్ చేసినప్పుడు పక్కనే నిలబడేవాళ్ళు, కాబట్టి బాగున్నానని చెప్పేదాన్ని. ఆబిడ్స్ ఆదివారం బజార్లో అట్ట చిరిగిన డాగ్స్‌బాడీ దొరికింది. కుక్క బొమ్మ చూసి కొన్నాను. సిరియస్ నక్షత్రానికి శిక్ష వేసి భూమ్మీద కుక్కపిల్లగా పుట్టిస్తారు. దాన్ని కాపాడి పెంచుకునే పిల్ల క్యాథ్లీన్. ఐర్లండ్ పిల్ల, తండ్రి జైల్లో ఉంటే ఇంగ్లండులో చుట్టాలింట్లో ఉంటుంది. ఆ ఇంట్లో కుక్కని ఉంచుకోనివ్వాలంటే ఇంటి పనంతా చెయ్యాలని ఆ ఇంటావిడ షరతు. క్యాథ్లీన్ సరేనంటుంది. వంటింట్లో సామాన్ల మధ్య ఆ పిల్ల నిలబడి ఉన్న పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. నా గురించి ఇంగ్లండులో ఎవరికి తెలుసు?

అది చదివి నేను భయపడలేదు. ఆ ఇంట్లో జరిగేది అన్యాయమేనని మొదటిసారి నాలో నేను అనుకున్నాను.

నరసాపురం_లేసు
మీలాంటి వాళ్ళకి ఆ పుస్తకం కావాలి, ఒప్పుకుంటాను. హాయిగా ఉన్న పిల్లల సంగతే నేను అడుగుతున్నది.

మేడమీద_గది
నన్ను చూసినవాళ్ళు కూడా హాయిగా ఉందనే అనుకున్నారండీ.

బెజవాడ_బుక్‌వార్మ్
శ్రీలత గారికి పనికొచ్చే ముక్క. చార్మ్‌డ్ లైఫ్ 1977లో వచ్చింది, మరుసటి ఏడు గార్డియన్ పత్రిక వాళ్ళ పిల్లల నవల బహుమతి వచ్చింది. అది క్రెస్టోమాన్సీ వరుసలో మొదటిది, ఆ వరుసలో మొత్తం ఆరు నవలలు, కొన్ని చిన్న కథలు. క్రెస్టోమాన్సీ అనేది పేరు కాదు, పదవి. లోకాలన్నిట్లో మంత్రాల దుర్వినియోగం జరగకుండా చూసే తొమ్మిది ప్రాణాల మాంత్రికుడు. ఎవరైనా ఆ మాట పలికితే చాలు, ఉన్నచోటు నుంచి వచ్చి తీరాలి, ఒంటిమీద పూల డ్రెస్సింగ్ గౌను ఉన్నా సరే.

ముందు ఇదే ఇవ్వండి. తర్వాత ద లైవ్స్ ఆఫ్ క్రిస్టఫర్ చాంట్. రచయిత్రి సలహా కూడా అదే వరుస, మిగతావి ఎలా చదివినా ఫర్వాలేదంది. రెండోదాంట్లో క్రిస్టఫర్‌కి మాంత్రికుడు కావాలని లేదు, క్రికెటర్ కావాలని ఉంది! మేనమామ వాడి కలల దారిని స్మగ్లింగుకి వాడుకుంటాడు. ఇంకో లోకంలో గుడిలో బంధించిన బాలదేవత ఉంటుంది. క్రిస్టఫర్ ఆమెకి ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్ నవలలు తెచ్చిస్తాడు. దేవతకి పూజలు వద్దు, స్కూలుకి పోవాలని ఉంది. నాకైతే నేపాల్లో దేవతగా కొలిచే చిన్నపిల్ల, కుమారి గుర్తొచ్చింది.

సున్నా_మార్కులు
మాంత్రికుడు, బోర్డింగ్ స్కూలు, అనాథ పిల్లాడు. హ్యారీ పోటర్ చూసి రాసినట్టుందే.

బెజవాడ_బుక్‌వార్మ్
1977 అని ఇప్పుడే రాశాను కదన్నా. హ్యారీ పోటర్ మొదటి భాగం 1997.

సున్నా_మార్కులు
అయితే ఆవిడ ఈవిడని చూసి రాసిందా?

అత్తిలి_మాస్టారు
ఆ తగువు వద్దు నాయనా. బోర్డింగ్ స్కూలు కథలు బ్రిటన్‌లో వీళ్ళిద్దరికీ చాలా ముందు నుంచీ ఉన్నాయి. పోటర్ గాలి వీచాక ప్రచురణకర్తలు జోన్స్ పాత పుస్తకాలకి మళ్ళీ కొత్త అట్టలు వేశారు, మనదాకా వచ్చాయి. అది ఆవిడకి లాభమే. తేడా కావాలంటే విచ్ వీక్ చూడు. అది 1982. అందులోనూ బోర్డింగ్ స్కూలే, కానీ ఆ లోకంలో మంత్రగత్తెలని తేలితే తగలబెడతారు. ఒక రోజు జాగ్రఫీ నోట్సుల మధ్య పంతులుకి చీటీ దొరుకుతుంది, ఈ క్లాసులో ఎవరో మంత్రగత్తె ఉన్నారని. ఇక అక్కణ్ణించి ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ "నేనేనేమో" అని వణుకుతుంటారు. అక్కడ మంత్రం వచ్చిందంటే సంబరం కాదు, ప్రాణభయం.

ఉప్మా_వ్యతిరేకి
నవ్వించేది కావాలంటే ఆర్చర్స్ గూన్. ఒక ఊరిని ఏడుగురు మాంత్రికులైన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పంచుకుని ఏలుతుంటారు. ఒకడికి కరెంటు, ఒకత్తెకి పోలీసులు, ఇంకొకత్తెకి దొంగలు, ఒకడికి డ్రైనేజీ. హీరో నాన్న రచయిత, మూడు నెలలకోసారి రెండువేల మాటలు రాసి పంపాలి, అది పన్ను. పంపకపోతే కొండంత మనిషి వచ్చి వంటింట్లో కూర్చుంటాడు. మా వీధికి డ్రైనేజీ చూసే మాంత్రికుడు ఎవరో తెలిస్తే నేనూ రాసి పంపుతాను.

లైన్లో_ఉన్నా
అది సినిమాగా వచ్చిందా?

బెజవాడ_బుక్‌వార్మ్
బీబీసీ సీరియల్‌గా 1992లో. హౌల్ సినిమా తీసిన జిబ్లీ స్టూడియో వాళ్ళు ఆవిడ పుస్తకం మీద తీసిన రెండో సినిమా ఇయర్‌విగ్ అండ్ ద విచ్, 2020. మియాజాకీ కొడుకు గోరో, మొత్తం కంప్యూటర్ బొమ్మలు. చూడకపోయినా ఏం కాదు.

కార్డిఫ్_కిరణ్
ఆ యుద్ధం సంగతి ఎవరూ చెప్పలేదు. జోన్స్ యుద్ధకాలం పిల్ల, మియాజాకీ కూడా 1941లో పుట్టి బాంబుల కిందే పెరిగినవాడు. ఒకే అనుభవం. ఆవిడ యుద్ధాన్ని కథ అంచుకి నెట్టేసి ఇంట్లో గొడవలు రాసింది. ఆయన దాన్ని ఆకాశం నిండా గీశాడు. సినిమా ఆవిడకి నచ్చింది కూడా. మనమే ఇక్కడ కొట్టుకుంటున్నాం.

సోఫీ_పెద్దక్క
ఆవిడకి నచ్చితే నాకు నచ్చాలని రూలు లేదు కదా.

మేడమీద_గది
ఫైర్ అండ్ హెమ్లాక్ చదివినవాళ్ళు ఉన్నారా? టామ్ లిన్ అనే పాత స్కాట్లాండ్ జానపద గీతం మీద కట్టిన కథ. పాలీని తల్లి తండ్రి దగ్గరికి తోసేస్తుంది, తండ్రి కొత్త స్నేహితురాలికి చెప్పుకోలేక బ్రిస్టల్లో వీధిపాలు చేస్తాడు, ఇద్దరూ రెండోవాళ్ళు చూసుకుంటున్నారనే అనుకుంటారు. ఆ భాగం నాకు కంఠతా. ముగింపు మాత్రం ఎన్నిసార్లు చదివినా పూర్తిగా అందలేదు.

నరసాపురం_లేసు
చదివాను. పదేళ్ళ పిల్లకి పెద్ద మగవాడితో ఉత్తరాల స్నేహం, చివరికి అది ప్రేమ. ఈ ఒక్కదాని విషయంలో ఎవరూ నాకు సర్దిచెప్పకండి.

మేడమీద_గది
సర్దిచెప్పను. నాకూ అక్కడ ఇబ్బందే. అయినా వదల్లేను.

శ్రీలత_ఎల్బీనగర్
ఇంత వస్తుందనుకోలేదు. చార్మ్‌డ్ లైఫ్ ఇస్తున్నాను, పక్కన కూర్చుని చదివిస్తాను. మిగతావి ఎక్కడ దొరుకుతాయి?

బెజవాడ_బుక్‌వార్మ్
క్రెస్టోమాన్సీ వరుస, హౌల్ మూడు భాగాలూ ఆన్‌లైన్లో మామూలుగానే దొరుకుతాయి. రెండోది కాజిల్ ఇన్ ద ఎయిర్, మూడోది హౌస్ ఆఫ్ మెనీ వేస్. వాటిలో హౌల్, సోఫీ కాస్త ఆలస్యంగా వస్తారని పాపకి ముందే చెప్పండి, లేకపోతే మళ్ళీ ముఖం ముడుస్తుంది. పాత నవలలకి ఆబిడ్సే గతి.

ఉప్మా_వ్యతిరేకి
పెద్దవాళ్ళకి ద టఫ్ గైడ్ టు ఫాంటసీలాండ్. మాంత్రిక నవలల మీద టూరిస్ట్ గైడు లాంటి వెటకారం. ఆ లోకంలో ఎక్కడికెళ్ళినా తిండి ఒక్కటే, స్ట్యూ. గుర్రాలు అలసిపోవు, మేత అడగవు. చదివాక ఏ ఫాంటసీ తెరిచినా స్ట్యూ కోసం వెతుకుతున్నాను. ఉప్మా కన్నా హీనం.

సోఫీ_పెద్దక్క
ఆఖరిది ద ఐలాండ్స్ ఆఫ్ చాల్డియా. 2011లో ఆవిడ పోయేనాటికి సగంలో ఆగింది. చెల్లెలు అర్సులా పూర్తిచేసింది, 2014లో వచ్చింది. అక్క కలం ఎక్కడ ఆగిందో, చెల్లెలు ఎక్కడ అందుకుందో నాకు దొరకలేదు.

అత్తిలి_మాస్టారు
నాకు ఒకచోట అనుమానం ఉంది.

సోఫీ_పెద్దక్క
ఎక్కడ మాస్టారూ?

అత్తిలి_మాస్టారు
మీరు ఇంకోసారి చదివి రండి, అప్పుడు పేజీ నంబర్లు సరిచూసుకుందాం.